ఇంటి వాటర్ సాఫ్ట్‌నర్ మార్చాలా, ఎంత సైజుది కావాలి: బోరు నీళ్ళ ఇళ్ళవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ చుట్టుపక్కల బోరు మీదే నడిచే కాలనీల్లో సాఫ్ట్‌నర్ ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉంది, పెట్టిన కొన్నేళ్ళకి మళ్ళీ కుళాయిల మీద తెల్ల మరకలు మొదలై "కొత్తది కొనాలా, రెజిన్ మారిస్తే చాలా" అని అడిగేవాళ్ళూ అంతే ఉన్నారు. వీటిలో సగానికి పైగా ప్రశ్నలకి జవాబు చెప్పాలంటే ముందు రెండు అంకెలు తెలియాలి, మీ నీళ్ళ హార్డ్‌నెస్ (కాఠిన్యం, అంటే నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం) ఎంత, రోజుకి ఎన్ని లీటర్లు వాడతారు. ఈ రెండూ అడక్కుండా మెషీన్ రేటు చెప్పే వాళ్ళ దగ్గర కొనకండి, ఎంత పెద్ద షాపైనా సరే.

సాఫ్ట్‌నర్ అసలు ఏం చేస్తుంది? ఆర్ఓ లాంటిదేనా?

కాదు. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే సబ్బు నురగ రాదు, గీజర్ రాడ్‌కి సున్నం పట్టేస్తుంది, పప్పు ఎంతసేపటికీ ఉడకదు. సాఫ్ట్‌నర్ సిలిండర్ లోపల రెజిన్ అని చిన్న చిన్న గింజలు ఉంటాయి, ప్రతి గింజా ముందే సోడియం పట్టుకుని ఉంటుంది. నీళ్ళు దాని గుండా పోతుంటే కాల్షియం, మెగ్నీషియంని లాక్కుని బదులుగా సోడియం వదిలేస్తుంది. గింజలన్నీ కాల్షియంతో నిండిపోయాక ఇక పనిచెయ్యదు, అప్పుడు చిక్కటి ఉప్పు నీళ్ళతో కడిగితే కాల్షియం వదిలి మళ్ళీ సోడియం ఎక్కించుకుంటుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. ఆర్ఓ అయితే పొర గుండా నీళ్ళని తోసి అన్ని రకాల లవణాలనీ తగ్గిస్తుంది, ఆ క్రమంలో చాలా నీళ్ళు పారబోస్తుంది. స్నానానికి, బట్టలకి, గిన్నెలకి ఆర్ఓ అక్కర్లేదు, సాఫ్ట్‌నర్ చాలు.

హార్డ్‌నెస్ ఎలా తెలుస్తుంది? మా దగ్గర టీడీఎస్ మీటర్ ఉంది, అది చాలదా?

చాలదు. టీడీఎస్ అంటే కరిగున్న మొత్తం లవణాలు, అందులో కాల్షియం, మెగ్నీషియం వాటా ఎంతో మీటర్ చెప్పదు. టీడీఎస్ 1000 ఉన్న రెండు బోర్లలో ఒకదాంట్లో హార్డ్‌నెస్ 300, ఇంకోదాంట్లో 700 ఉండొచ్చు, ఆ రెండిళ్ళకీ కావాల్సిన సాఫ్ట్‌నర్ సైజు రెండింతలకి పైగా తేడా వస్తుంది. కాబట్టి హార్డ్‌నెస్ టెస్ట్ కిట్ కొనుక్కోండి, చుక్కల కిట్ అని దొరుకుతుంది, గులాబీ రంగు నీళ్ళు నీలంగా మారేదాకా ఎన్ని చుక్కలు పడ్డాయో లెక్కపెట్టాలి, ఒక్కో చుక్కకి ఎన్ని పీపీఎం (లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములు) అన్నది కిట్ మీదే రాసుంటుంది. ఒకసారైనా ల్యాబ్‌లో పూర్తి టెస్ట్ చేయించడం మంచిది, ఎందుకంటే ఐరన్, ఫ్లోరైడ్ కూడా తెలియాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) లో చేస్తారు, జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులున్నాయి.

ఇండియన్ స్టాండర్డ్ ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్ళలో హార్డ్‌నెస్ 200 పీపీఎం దాకా ఉండొచ్చు, వేరే నీళ్ళే దొరక్కపోతే 600 దాకా ఒప్పుకుంటారు. మన గ్రానైట్ నేలల్లో లోతు బోర్లలో 500, 600 చూడ్డం మామూలే, తాండూరు, మాచర్ల, బేతంచర్ల, తాడిపత్రి లాంటి నాపరాయి ప్రాంతాల్లో అయితే టెస్ట్ లేకుండా అంచనా అస్సలు వెయ్యకండి. ఇంకో మాట, వానలు పడ్డాక టెస్ట్ చేయించి అదే నమ్ముకోకండి. చాలా బోర్లలో ఎండాకాలం నీళ్ళు అడుగంటాక హార్డ్‌నెస్ పెరుగుతుంది, సైజు లెక్క మే నెల అంకెతో వెయ్యాలి.

సాఫ్ట్‌నర్ పెట్టాక టీడీఎస్ చూస్తే ఏమీ తగ్గలేదు, మోసపోయామా?

లేదు, అది తగ్గదు. కాల్షియం పోయి సోడియం వస్తుంది కాబట్టి మొత్తం లవణం అంతే ఉంటుంది, ఒక్కోసారి కొద్దిగా పెరుగుతుంది కూడా. చాలామంది ఈ మీటర్ చూసే టెక్నీషియన్‌తో గొడవ పెట్టుకుంటారు, కొందరు బాగున్న మెషీన్ తీసి పారేస్తారు. సాఫ్ట్‌నర్ పనిచేస్తుందా లేదా అని చెప్పేది హార్డ్‌నెస్ కిట్ ఒక్కటే.

మేము నలుగురం, బోరు హార్డ్‌నెస్ 600. ఎన్ని లీటర్ల సాఫ్ట్‌నర్ కావాలి?

ఇది కాస్త ఓపికగా చదవండి, ఎందుకంటే ఈ లెక్క వస్తే మిగతా అన్నీ మీరే తేల్చుకోగలరు.

మనిషికి రోజుకి 135 లీటర్లు అన్నది మన దేశంలో నీటి సరఫరాకి వాడే లెక్క. నలుగురికి 540 లీటర్లు. హార్డ్‌నెస్ 600 పీపీఎం అంటే లీటరుకి 600 మిల్లీగ్రాములు, అంటే 0.6 గ్రాములు. 540 ని 0.6 తో గుణిస్తే 324 గ్రాములు. అంటే మీ ఇంట్లో సాఫ్ట్‌నర్ రోజూ 324 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకోవాలి.

ఇప్పుడు రెజిన్ వైపు చూద్దాం. మంచి రెజిన్ ఒక లీటరు, 120 గ్రాముల ఉప్పుతో కడిగితే సుమారు 50 గ్రాముల హార్డ్‌నెస్ పట్టుకుంటుంది. కాగితం మీద ఒక లీటరు రెజిన్ కెపాసిటీ 100 గ్రాముల దాకా ఉంటుంది గానీ అంత పిండాలంటే పొయ్యాల్సిన ఉప్పుకి అంతుండదు, ఇళ్ళలో ఎవరూ అలా నడపరు. అందుకే లెక్కకి 50 పెట్టుకోండి.

నాలుగు రోజులకోసారి రీజెనరేషన్ అనుకుంటే 324 నాలుగుసార్లు, దగ్గర దగ్గర 1,300 గ్రాములు. 50 తో భాగిస్తే 26 లీటర్ల రెజిన్. చుట్టాలు వచ్చినప్పుడు, పండగలప్పుడు, రెజిన్ కాస్త పాతబడ్డాక కూడా సరిపోవాలి కాబట్టి ఒక అయిదో వంతు కలుపుకుంటే 30 లీటర్లు. ఇదే మీ సైజు. అదే హార్డ్‌నెస్ 300 అయితే 15 లీటర్లు చాలు, 900 అయితే 45 కావాలి. ఇల్లు అదే, మనుషులూ అంతే, నీళ్ళు మారాయి అంతే.

135 మీకు తక్కువ అనిపిస్తే, చాలామంది ఇళ్ళలో నిజంగా తక్కువే, రోజుకి ఓవర్‌హెడ్ ట్యాంక్ ఎన్నిసార్లు నిండుతుందో ఒక వారం చూసి రాసుకోండి. వెయ్యి లీటర్ల ట్యాంక్ రోజూ ఒకసారి ఖాళీ అవుతుంటే మీ వాడకం వెయ్యి, అంతే. కారు కడగడం, మొక్కలు, టాయిలెట్ ఫ్లష్ వీటికి సాఫ్ట్ వాటర్ దండగ, ఆ లైన్ వేరు చెయ్యగలిగితే లెక్కలోంచి మూడో వంతు దాకా తగ్గిపోతుంది. కొత్తగా ఇల్లు కడుతున్నవాళ్ళు ప్లంబింగ్ అప్పుడే ఫ్లష్‌కి, తోటకి వేరే పైపు వేయించుకోండి, తర్వాత గోడలు పగలగొట్టి చేయించడం ఎవరి వల్లా కాదు.

షాపులో "రెండు బాత్రూములకి ఇది, మూడు బాత్రూములకి అది" అంటున్నారు, అలా కొనొచ్చా?

బాత్రూముల లెక్క నీళ్ళు ఎంత స్పీడుగా రావాలి అన్నదానికి కొంచెం పనికొస్తుంది, రెజిన్ ఎంత కావాలి అన్నదానికి ఎందుకూ పనికిరాదు. ఇంకో మోసం కూడా ఉంది, "25 లీటర్ల సాఫ్ట్‌నర్" అని సిలిండర్ సైజు చెప్పి అమ్ముతారు, లోపల రెజిన్ చూస్తే 12, 15 లీటర్లే ఉంటుంది. సిలిండర్ ఎప్పుడూ నిండా నింపరు, రెజిన్ ఉబ్బి కదలడానికి పైన ఖాళీ ఉండాలి, అందుకే సిలిండర్ లీటర్లు, రెజిన్ లీటర్లు ఎప్పుడూ ఒకటి కావు. బిల్లులో రెజిన్ ఎన్ని లీటర్లు, ఏ కంపెనీది అని రాయించుకోండి, మామూలుగా 25 లీటర్ల బస్తాల్లో వస్తుంది, సీలు మీ ఎదురుగానే విప్పమనండి.

నీళ్ళ స్పీడు తగ్గిపోతుందా?

సైజు సరిగ్గా లేకపోతే తగ్గుతుంది. 10 అంగుళాల వెడల్పు, 54 అంగుళాల ఎత్తు సిలిండర్ మన ఇళ్ళలో ఎక్కువ వాడతారు, దాంట్లో 30, 40 లీటర్ల రెజిన్ పడుతుంది, గంటకి 1,200 లీటర్లు హాయిగా పోతాయి, కాసేపటికైతే 2,000 దాకా లాగొచ్చు. అంతకన్నా స్పీడుగా తోస్తే నీళ్ళు రెజిన్‌తో కలిసే టైమ్ ఉండదు, సగం హార్డ్‌నెస్ అలాగే బయటికి వచ్చేస్తుంది. సంపులోంచి పైకి ఎక్కించే మోటార్ ఒక హెచ్‌పీది అయితే గంటకి 2,000 పైనే తోస్తుంది, కాబట్టి మోటార్ లైన్ మీద పెట్టేట్టయితే వాల్వ్‌తో ఫ్లో తగ్గించాలి లేదా 13 అంగుళాల సిలిండర్‌కి వెళ్ళాలి.

ఎక్కడ పెట్టించాలి, బోరు లైన్ మీదా, సంపు దగ్గరా, ట్యాంక్ తర్వాతా?

బోరు లైన్ మీద నేరుగా వద్దు. సబ్‌మెర్సిబుల్ మోటార్ల ప్రెషర్ చాలా ఎక్కువ, ఎఫ్ఆర్‌పీ (ఫైబర్ దారాలు కలిపిన ప్లాస్టిక్) సిలిండర్లు మామూలుగా 10 బార్ దాకా తట్టుకుంటాయి, ఎవరైనా పొరపాటున పై వాల్వ్ మూసి మోటార్ వేస్తే లోతు బోరు మోటార్ అంతకు మించి తోస్తుంది, సిలిండర్ పగులుతుంది. పైగా బోరులోంచి వచ్చే ఇసుక మొత్తం రెజిన్‌లోకి పోతుంది.

సంపు ఉన్నవాళ్ళకి సంపు నుంచి ట్యాంక్‌కి ఎక్కించే లైన్ బాగుంటుంది. ఇసుక సంపులోనే అడుగుకి దిగిపోతుంది, ప్రెషర్ కూడా అదుపులో ఉంటుంది. కానీ ఇక్కడొక చిక్కుంది, కొనేటప్పుడు చాలామంది చెప్పరు. ఆటోమేటిక్ వాల్వ్ (సిలిండర్ పైన ఉండి రీజెనరేషన్ తనంతట తనే నడిపే భాగం) రాత్రి రెండింటికి రీజెనరేషన్ మొదలుపెట్టేలా సెట్ చేసుంటుంది, ఆ టైమ్‌కి మోటార్ ఆఫ్ లో ఉంటుంది, నీళ్ళే రావు, వాల్వ్ మాత్రం అన్ని స్టెప్పులూ తిరిగేసి "అయిపోయింది" అనుకుంటుంది. ఉప్పు చుక్క కూడా లోపలికి పోదు. మెషీన్ పనిచెయ్యట్లేదని ఆరు నెలలు సర్వీస్ వాళ్ళని తిప్పుకున్న ఇళ్ళలో చాలాచోట్ల కారణం ఇదే. మోటార్ లైన్ మీద పెడితే మాన్యువల్ వాల్వ్ అయినా పెట్టుకోండి, లేదా మీరు మోటార్ వేసే టైమ్‌కే రీజెనరేషన్ పడేలా సెట్ చేయించి అది అయ్యేదాకా మోటార్ నడపండి, దాదాపు గంటన్నర పడుతుంది.

మూడోది ట్యాంక్ తర్వాత, ఇంట్లోకి దిగే లైన్ మీద. ఆటోమేటిక్ వాల్వ్‌కి ఇదే సరైన చోటు, అయితే ప్రెషర్ పంప్ తప్పనిసరి. పది మీటర్ల ఎత్తుకి ఒక బార్ ప్రెషర్ వస్తుంది, టెర్రస్ మీద ట్యాంక్ కిందే సాఫ్ట్‌నర్ పెడితే రెండు మూడు మీటర్లే కదా, 0.3 బార్ కూడా రాదు. ఉప్పు నీళ్ళు లాక్కోవడానికి వాల్వ్‌కి సుమారు 1.5, 2 బార్లు కావాలి. ప్రెషర్ పంప్ లేకుండా టెర్రస్ మీద ఆటోమేటిక్ పెట్టి వెళ్ళిపోతే అది అలంకారానికే.

టెర్రస్ మీద పెట్టేవాళ్ళు పైన రేకు గానీ షెడ్ గానీ తప్పకుండా వేయించండి. మే ఎండకి ఎఫ్ఆర్‌పీ పైపొర పొడిబారి దారాలు లేస్తాయి, వాల్వ్ ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది.

ఆటోమేటిక్ కొనాలా, మాన్యువల్ చాలా?

ఇంట్లో ఎవరో ఒకరు క్రమం తప్పకుండా వారానికోసారి గంటన్నర దాని దగ్గర ఉండగలిగితే మాన్యువల్ బాగానే ఉంటుంది, పాడయ్యే పార్టులు తక్కువ. వారానికోసారి అంటే 324 ని ఏడుతో గుణించి 50 తో భాగించండి, 45 లీటర్లు, కాస్త ఎక్కువ వేసి 50 లీటర్ల రెజిన్ పెట్టించుకోవాలి. పెద్దవాళ్ళు మాత్రమే ఉండే ఇంట్లో, ఉద్యోగాలకి పొద్దున్నే పోయే ఇంట్లో మాన్యువల్ రెండు నెలల్లో మూలన పడుతుంది, ఆటోమేటిక్ తీసుకోండి. దాంట్లోనూ రోజుల లెక్కన తిరిగేది వద్దు, లీటర్లు కొలిచి తిరిగే మీటర్ వాల్వ్ తీసుకోండి, ఊరెళ్ళినప్పుడు ఊరికే ఉప్పు తాగదు. వాల్వ్ ఏ కంపెనీదైనా దాని ఇంజెక్టర్ (ఉప్పు నీళ్ళు లాక్కునే భాగం), సీళ్ళు, పిస్టన్ మీ ఊర్లో దొరుకుతాయా అని ముందే కనుక్కోండి, నేనైతే బ్రాండ్ కన్నా ఇదే ముందు చూస్తాను.

పాతది ఎనిమిదేళ్ళయింది. మొత్తం మార్చాలా, రెజిన్ ఒక్కటే మారిస్తే చాలా?

ఎక్కువ కేసుల్లో మొత్తం మార్చక్కర్లేదు. సాఫ్ట్‌నర్ అంటే నాలుగు వస్తువులు, సిలిండర్, వాల్వ్, రెజిన్, ఉప్పు డబ్బా. నాలుగూ ఒకేసారి పోవడం చాలా అరుదు.

ముందు ఈ పరీక్ష చెయ్యండి. ఉప్పు డబ్బాలో సరిపడా ఉప్పు, నీళ్ళు ఉన్నాయా చూసి దగ్గరుండి ఒక పూర్తి రీజెనరేషన్ చేయించండి. అయిపోయిన వెంటనే బయటికొచ్చే నీళ్ళు టెస్ట్ చెయ్యండి, తర్వాత రోజూ ఒకసారి చూడండి. మొదట్లోనే హార్డ్‌నెస్ ఎక్కువగా ఉంటే రెజిన్ కన్నా వాల్వ్ మీద అనుమానపడాలి, లోపల సీలు అరిగి పచ్చి నీళ్ళు (సాఫ్ట్ చెయ్యని బోరు నీళ్ళు) పక్కదారిన కలుస్తుండొచ్చు, లేదా బైపాస్ (సాఫ్ట్‌నర్‌లోకి పోకుండా నీళ్ళని పక్కనుంచి పంపే దారి) సగం తెరిచి ఉండొచ్చు, లేదా ఉప్పు నీళ్ళు అసలు లాక్కోకపోవచ్చు. మొదట్లో బాగుండి, నాలుగు రోజులు రావాల్సింది రెండు రోజులకే అయిపోతుంటే అప్పుడు రెజిన్. అప్పుడు కూడా కొత్తది కొనేముందు బోరు హార్డ్‌నెస్ మళ్ళీ కొలవండి. మెషీన్ పెట్టినప్పుడు 400 ఉన్న బోరు ఇప్పుడు 800 అయ్యుంటే రెజిన్ తప్పేం లేదు, మెషీన్ చిన్నదైపోయింది, అంతే సైజు కొత్తది కొంటే మళ్ళీ అదే కథ.

రెజిన్ ఎంతకాలం వస్తుందంటే బోరు నీళ్ళలో ఐరన్ లేకపోతే ఎనిమిది, పదేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా. ఐరన్ ఉంటే గింజలు ముదురు గోధుమ రంగుకి తిరిగి రెండు మూడేళ్ళకే మొద్దుబారతాయి. దానికి సిట్రిక్ యాసిడ్‌తో ఒకసారి కడిగి చూడొచ్చు, కొంత తేరుకుంటుంది. అయితే ఐరన్‌కి ముందు వేరే ఫిల్టర్ పెట్టకుండా కొత్త రెజిన్ వెయ్యడం డబ్బులు బోర్లో పోసినట్టే. కార్పొరేషన్ నీళ్ళలో క్లోరిన్ కూడా రెజిన్‌ని మెత్తబరుస్తుంది, గింజ వేళ్ళ మధ్య నలిపితే పిండిలా అయిపోతే ఇక మార్చేయడమే.

సిలిండర్ పగుళ్ళు, చెమ్మ ఉంటే అతికించుకోవద్దు, మార్చండి. వాల్వ్‌కి పార్టులు దొరకనప్పుడు వాల్వ్ ఒక్కటే మార్చొచ్చు, మెడ సైజు చాలావరకు 2.5 అంగుళాలే ఉంటుంది.

కుళాయిలోంచి ఆవాల సైజుకన్నా చిన్న పసుపు గింజలు వస్తున్నాయి?

రెజిన్ బయటికొచ్చేస్తోంది. సిలిండర్ అడుగున జల్లెడ లాంటిది ఉంటుంది, అది విరిగింది, లేదా మధ్య గొట్టం ఊడింది. వెంటనే బైపాస్‌లో పెట్టండి, లేకపోతే షవర్లు, వాషింగ్ మెషీన్ వాల్వులు, గీజర్ అన్నిటిలోకీ పోయి అడ్డం పడతాయి.

రెజిన్ మనమే మార్చుకోవచ్చా?

ప్లంబింగ్ పని అలవాటున్నవాళ్ళు చెయ్యొచ్చు. ప్రెషర్ మొత్తం వదిలేసి, వాల్వ్ విప్పి, పాత రెజిన్ నీళ్ళ పైపుతో కదిలించి బయటికి తీయాలి. గొట్టం, అడుగు జల్లెడ బాగా చూడాలి. కొత్త రెజిన్ పోసేముందు మధ్య గొట్టం మూతికి టేప్ చుట్టాలి, ఇది మర్చిపోతే గింజలు గొట్టంలోకి పోతాయి, పని మొత్తం మళ్ళీ మొదటికొస్తుంది. సిలిండర్‌లో మూడో వంతుకి తగ్గకుండా పైన ఖాళీ వదలండి. మొదటి బ్యాక్‌వాష్ (కింది నుంచి పైకి నీళ్ళు పంపి రెజిన్ కడగడం) నెమ్మదిగా, నీళ్ళ రంగు పోయేదాకా చెయ్యండి. తీసిన పాత రెజిన్ డ్రైనేజీలో పొయ్యొద్దు, సంచిలో కట్టి చెత్తలో వేయండి.

ఏ ఉప్పు వాడాలి? నెలకి ఎంత పడుతుంది?

ఒక గ్రాము హార్డ్‌నెస్‌కి దాదాపు 2.4 గ్రాముల ఉప్పు పడుతుంది, 120 ని 50 తో భాగిస్తే వచ్చేది అదే. పైన చెప్పిన నలుగురి ఇంట్లో రోజుకి 324 గ్రాములు కాబట్టి ఉప్పు 780 గ్రాములు, నెలకి 23 కిలోలు, అంటే 25 కిలోల బస్తా ఒకటి. కొనేముందే ఈ లెక్క ఇంట్లో అందరికీ చెప్పండి, ఎందుకంటే మెషీన్ ఒకసారి కొంటారు, బస్తా ప్రతి నెలా మొయ్యాలి.

నౌపడా, చినగంజాం వైపు నుంచి వచ్చే గళ్ళుప్పు చవక, పనిచేస్తుంది కూడా, కానీ కడగని ఉప్పులో మట్టి ఉంటుంది, ఆ మట్టి డబ్బా అడుగున బురదై ఇంజెక్టర్ చిన్న రంధ్రంలో ఇరుక్కుంటుంది. మాన్యువల్‌కి పరవాలేదు, డబ్బా మూడు నెలలకోసారి కడుక్కుంటే సరి. ఆటోమేటిక్‌కి మాత్రం శుభ్రం చేసిన ఉప్పు గానీ బిళ్ళలు గానీ వాడండి. వంటకి వాడే సన్న ఉప్పు వద్దు, గట్టిగా ముద్దకట్టేస్తుంది.

డబ్బాలో ఉప్పు నెల నుంచీ తగ్గట్లేదు, ఆదా అవుతున్నట్టేనా?

కాదండి, రీజెనరేషన్ జరగట్లేదు. వానాకాలంలో ఉప్పు పైన గట్టి పెచ్చు కట్టి కింద ఖాళీ ఉంటుంది, ఒక కర్రతో మెల్లగా పొడిచి చూడండి. పెచ్చు లేకపోతే ఇంజెక్టర్ తీసి కడగండి, ఫ్లోట్ ఇరుక్కుందేమో చూడండి. డబ్బాలో నీళ్ళ మట్టం కూడా ముఖ్యం, ఒక లీటరు నీళ్ళలో సుమారు 360 గ్రాముల ఉప్పే కరుగుతుంది, 30 లీటర్ల రెజిన్‌కి 3.6 కిలోలు కరగాలంటే పది లీటర్ల నీళ్ళు డబ్బాలో ఉండాలి.

కడిగిన ఉప్పు నీళ్ళు ఎక్కడికి వదలాలి?

దయచేసి ఇంకుడు గుంతలోకి వదలొద్దు. ఈ ఒక్క విషయం మీద ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. ఒక్కో రీజెనరేషన్‌కి రెండు మూడు వందల లీటర్ల నీళ్ళు బయటికొస్తాయి, అందులో మీరు పోసిన ఉప్పూ, మీ నీళ్ళలోంచి తీసిన కాల్షియమూ మొత్తం ఉంటుంది. నెలకి ఒక బస్తా ఉప్పు, ఏడాదికి దాదాపు 300 కిలోలు, ఒక్క ఇంటివి. అది గుంతలో పోస్తే నేరుగా మీ బోరులోకి, పక్కింటివాళ్ళ బోరులోకి దిగుతుంది. 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం వచ్చిన దగ్గర్నుంచీ ఇంకుడు గుంతలు తవ్వమని చెప్తున్నది భూమిలోకి మంచి నీళ్ళు దించడానికి. ఆ గుంతలోకి ఉప్పు పంపితే వచ్చే ఏడాది మీ హార్డ్‌నెస్, టీడీఎస్ మీరే పెంచుకున్నట్టు. మొక్కల్లోకి వదిలినా చచ్చిపోతాయి, నేల చవుడు తేలుతుంది. డ్రైనేజీ ఉంటే అందులోకే వదలండి. డ్రైనేజీ లేని శివారు లేఅవుట్లలో ఉంటే సాఫ్ట్‌నర్ పెట్టేముందు రెండుసార్లు ఆలోచించండి, కనీసం ఫ్లష్ లైన్ వేరుచేసి ఉప్పు వాడకం తగ్గించండి. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా క్లారిటా లోయలో నదిలో క్లోరైడ్ పెరిగిపోతోందని ఇళ్ళలో ఇలాంటి సాఫ్ట్‌నర్లని ఓటు వేసి మరీ 2009 నుంచి నిషేధించారు.

సాఫ్ట్ చేసిన నీళ్ళు తాగొచ్చా, వంటకి వాడొచ్చా?

తాగడానికి వద్దు. ప్రతి 100 పీపీఎం హార్డ్‌నెస్‌కి లీటరులో 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది, 600 అయితే 276 మిల్లీగ్రాములు. బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి, చిన్నపిల్లలకి అది మంచిది కాదు. వంటింట్లో ఆర్ఓ పెట్టుకుని తాగడానికి, పప్పుకి, బియ్యానికి అదే వాడండి. సాఫ్ట్‌నర్ తర్వాత ఆర్ఓ పెడితే దాని మెంబ్రేన్ సున్నం పట్టకుండా ఎక్కువకాలం వస్తుంది.

ముఖ్యంగా నల్గొండ, ప్రకాశం వైపు ఫ్లోరైడ్ ప్రాంతాలవాళ్ళు వినండి, సాఫ్ట్‌నర్ ఫ్లోరైడ్ తియ్యదు. నైట్రేట్ కూడా తియ్యదు. నీళ్ళు నున్నగా అయ్యాయి, సబ్బు నురగొస్తోంది అని తాగేస్తే ఎముకలకి జరిగే నష్టం జరుగుతూనే ఉంటుంది.

స్నానం చేశాక ఒళ్ళు జిగురుగా ఉంటోంది, సబ్బు పోయినట్టే లేదు?

హార్డ్‌నెస్ సున్నాకి దించితే అలాగే అనిపిస్తుంది. సున్నా మనకి అక్కర్లేదు, 80 నుంచి 120 మధ్య చాలు. బైపాస్ వాల్వ్ కొంచెం తెరిచి పచ్చి నీళ్ళు కలపండి, 600 బోరు అయితే ఆరింట్లో ఒక వంతు కలిపితే 100 వస్తుంది. ఉప్పు కూడా ఆరో వంతు మిగులుతుంది.

షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్ సరిపోదా? అద్దె ఇల్లు మాది.

లెక్క వేద్దాం. దాంట్లో అర లీటరు రెజిన్ ఉందనుకున్నా 25 గ్రాములు పట్టుకుంటుంది. 600 హార్డ్‌నెస్ నీళ్ళలో అది 40 లీటర్లకి అయిపోతుంది, రెండు బకెట్లు. చాలా షవర్ ఫిల్టర్లలో అంత రెజిన్ కూడా ఉండదు. వాషింగ్ మెషీన్‌కి పెట్టే లీటరున్నర రెజిన్ సిలిండర్ కొంచెం నయం, 125 లీటర్లు వస్తుంది, ఒకటి రెండు లోడ్లు, తర్వాత ఉప్పు వేసి కడగాల్సిందే. అద్దె ఇంట్లోవాళ్ళు 10, 15 లీటర్ల రెజిన్‌తో చిన్న మాన్యువల్ పెట్టించుకుని ఖాళీ చేసేటప్పుడు తీసుకెళ్ళడం మేలు.

ఉప్పు అక్కర్లేని అయస్కాంతం, ఎలక్ట్రానిక్ పరికరాలు?

హార్డ్‌నెస్ తగ్గించవు. ముందూ తర్వాతా చుక్కల కిట్‌తో చూడండి, అంకె మారదు. నేను వీటిని ఎవరికీ చెప్పను.

సాఫ్ట్‌నర్ పెడితే జుట్టు రాలడం, ఎగ్జిమా (చర్మం దురద జబ్బు) తగ్గుతాయా?

జుట్టు గరుకుతనం, సబ్బు అంటుకున్నట్టుండటం తగ్గుతాయి, రాలడం తగ్గుతుందని మాటివ్వలేం, దానికి కారణాలు వేరే ఉంటాయి, డాక్టర్‌ని కలవండి. ఎగ్జిమా విషయంలో బ్రిటన్‌లో 336 మంది పిల్లల మీద చేసి 2011లో ప్రచురించిన ట్రయల్‌లో సాఫ్ట్‌నర్ వల్ల అదనపు లాభం కనబడలేదు.

20 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ మొత్తానికి పెట్టాలనుకుంటున్నాం?

అదే లెక్క, ఇరవై రెట్లు. 10,800 లీటర్లు, 600 హార్డ్‌నెస్, రోజుకి ఆరున్నర కిలోలు పట్టుకోవాలి. రోజుకోసారి రీజెనరేషన్ చేసినా 150 లీటర్లకి పైగా రెజిన్ కావాలి, నెలకి ఉప్పు 465 కిలోలు దాటుతుంది, 19 బస్తాలు. అసోసియేషన్ మీటింగ్‌లో మెషీన్ కొటేషన్ల కన్నా ముందు ఈ అంకె పెట్టండి, ఉప్పు ఎవరు మోస్తారు, మెయింటెనెన్స్‌లో ఎంత పెంచాలి అని తేల్చుకోండి. పచ్చి నీళ్ళు కలుపుకుని 100 దగ్గర ఆపితే 390 కిలోలకి దిగుతుంది. ఒకటే పెద్దది కన్నా రెండు సిలిండర్లు మంచిది, ఒకటి కడుగుతుంటే ఇంకోటి నడుస్తుంది.

అమెరికాలో మా అబ్బాయి "48 వేల గ్రెయిన్లు" అంటున్నాడు, అదెంత?

ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాములు, 48,000 అంటే 3,100 గ్రాములు. అక్కడ అది సుమారు 42 లీటర్ల రెజిన్ మెషీన్, ఆ అంకె బాగా ఉప్పు పోస్తేనే వస్తుంది, మన లెక్కన పొదుపుగా నడిపితే 2,100 గ్రాములు. వాళ్ళ టెస్ట్ రిపోర్ట్‌లో గాలన్‌కి ఇన్ని గ్రెయిన్లు అని ఉంటే 17.1 తో గుణిస్తే మన పీపీఎం వస్తుంది.

నెల రోజులు ఊరెళ్తున్నాం, ఏం చెయ్యాలి?

వెళ్ళేముందు ఒక రీజెనరేషన్ చేసి బైపాస్‌లో పెట్టి వెళ్ళండి. వచ్చాక మళ్ళీ ఒకటి చేసి, మొదటి పది నిమిషాల నీళ్ళు డ్రైనేజీలోకి వదిలి, ఒకసారి కిట్‌తో చూసి వాడుకోండి.